రెండిళ్ళ దుమ్ము

41వ దులుపుడు, ఒకటో రోజు

లోపలి వేడి: ఇరవై రెండు. ఫిల్టర్ రంగు: ఒకటి, నిన్ననే ఉతికాను కాబట్టి. ఇంట్లో మనుషులు: ఇద్దరు.

కొలిమి పుస్తకంలో రోజూ ఈ మూడే రాయాలని, ఇంకేమీ రాయకూడదని అట్ట మీదే అచ్చేశారు. మరి పేజీలో ముప్పాతిక భాగం ఖాళీగా ఎందుకు వదిలారో వాళ్ళకే తెలియాలి. మా ఆయన రాజేశం పొద్దున పోతే సాయంత్రానికి గాని రాడు. అందాకా నేను గోడలతో మాట్లాడలేను. రాస్తాను. ఈ పుస్తకాలు చూసే ఓదెలు మేస్త్రి చదివితే చదవనీ.

నా పేరు భూదేవి. మా ముత్తాతలు భూమ్మీద బొగ్గు బావుల్లో పనిచేశారట. సొరంగాలకు అలవాటుపడ్డ మనుషులని ఏరికోరి ఈ చలిగోళానికి తెచ్చి, మళ్ళీ సొరంగాల్లోనే పెట్టారు. భూమి మొహం చూడని పిల్లకి భూదేవి అని పేరు పెట్టుకుని మా నాయన తెగ నవ్వేవాడట. మా మూడో సొరంగంలో ఇరవై నాలుగు ఇళ్ళకీ ఫిల్టర్లు కుట్టేది నేనే.

నిన్న దులుపుడు. పది రోజులకొకసారి అందరం, గదికి వేడిగాలి పంపే గోడలోని కొలిమి తెరిచి, ఫిల్టర్ బయటికి తీసి, నడవలో కట్టిన తాడు మీద ఆరేస్తాం. ఓదెలు మేస్త్రి రంగుల అట్ట ఒకటి పట్టుకుని, ఒక్కొక్కదాని పక్కన పెట్టి చూసి, అందరికీ వినబడేలా అంకె చదువుతాడు. ఒకటి అంటే మల్లెపువ్వు. ఆరు అంటే బూటు అడుగు. ఆ తర్వాతే దులుపుకోవడం, ఉతుక్కోవడం. నాది నాలుగు. పక్కింటి స్వరూపది మూడు. ఎప్పుడూ ఉండేదే.

కొత్త సంగతి ఆ తర్వాత చెప్పాడు. పై వరసలో అద్దం ఇల్లు ఒకటి ఖాళీ అయిందట. రాబోయే మూడు దులుపుళ్ళలో ఎవరి ఫిల్టర్ అందరికన్నా తెల్లగా ఉంటే వాళ్ళకి ఇస్తారట. శుభ్రంగా బతికేవాళ్ళయితే అద్దం కూడా శుభ్రంగా తుడుచుకుంటారని పెద్దల ఆలోచన.

నాకా ఇల్లు కావాలి. రాజేశం పైన రాతి క్వారీలో బండి నడుపుతాడు. ఇరవై ఆరేళ్ళుగా రోజూ సాయంత్రం ఈ కిటికీ లేని గదిలో కూర్చుని, తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉంటున్నాను. అద్దం ఇంట్లోంచి చూస్తే బండ్ల బాట మొత్తం కనబడుతుందట. మలుపు దగ్గర దీపాలు కనబడగానే నీళ్ళు కాగబెట్టుకోవచ్చు. నాకు అంతకన్నా పెద్ద కోరికలు లేవు.

41వ దులుపుడు, నాలుగో రోజు

వేడి: ఇరవై రెండు. రంగు: రెండు. మనుషులు: ఇద్దరు.

స్వరూప కూతురు చందన ఇవాళ కూడా బడి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. వచ్చి, గాలి గొట్టం కింద ముక్కాలి పీట లాక్కుని కూర్చుంటుంది. నా ఒళ్ళో ఉన్న గుడ్డముక్కలన్నీ రంగుల వారీగా సర్దుతుంది. మా బూడిద రంగు కోడిని ఒళ్ళో పెట్టుకుని లెక్కలు చెప్పుకుంటుంది.

"ఏమే, మీ ఇంట్ల గాలి రాదా?" అన్నాను.

"వస్తది పెద్దమ్మా. మీదే మంచిగుంటది."

"మీ అమ్మ ఏమన్న చూసి రమ్మన్నదా?"

"ఏం చూడాల్నో?" అంది, నిజంగానే అడుగుతున్నట్టు.

నేను నమ్మలేదు. నా ఫిల్టర్ ఎలా ఉందో కనిపెట్టడానికే స్వరూప పంపుతోందని నా అనుమానం.

స్వరూప గురించి రాయాలంటే ముందు ఒక నిజం రాయాలి. ఆమె భర్త నాగేశం రాజేశంతో పాటే బండి నడిపేవాడు. రెండేళ్ళ కింద గాలిదుమారంలో ఆయన బండి తిరిగి రాలేదు. అలాంటి మనిషి మీద కడుపుమంట ఏమిటని నన్ను నేనే తిట్టుకుంటాను. తిట్టుకున్నంత మాత్రాన మంట ఆరదు. ఆమెకి చందన ఉంది. నాకు పిల్లలు లేరు. సాయంత్రం ఏడు కాగానే గోడ అవతలి నుంచి "బిడ్డా" అని ఒక్క పిలుపు వినబడుతుంది. ఈ పిల్ల చేతిలో ఉన్నదంతా వదిలేసి లేచిపోతుంది.

41వ దులుపుడు, పదో రోజు

వేడి: ఇరవై రెండు. రంగు: ఐదు. మనుషులు: ఇద్దరు.

ఐదు! ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ ఐదు రాలేదు. ఓదెలు మేస్త్రి అట్టని రెండుసార్లు పెట్టి చూసి, నన్నో చూపు చూసి, చదివాడు.

పక్కన స్వరూపది ఒకటి. దాన్ని చూసి ఆడవాళ్ళంతా నోళ్ళు తెరిచారు. పది రోజులు కొలిమిలో ఉన్న గుడ్డ అలా ఉండటం ఈ సొరంగంలో ఎవరూ చూడలేదు. స్వరూప తలొంచుకుని, "నీ చేత్తోని కుట్టిందే గద అక్కా, మంచిగ ఆగింది," అంది. నన్ను మెచ్చుకుందో, నా ముక్కు కోసిందో తెలియలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. నా చేతి కుట్టు ఆమె ఇంట్లో మల్లెపువ్వు, నా ఇంట్లో మట్టిబెడ్డ.

42వ దులుపుడు, ఒకటో రోజు

వేడి: ఇరవై ఒకటి. రంగు: ఒకటి. మనుషులు: ఇద్దరు.

రాజేశం బూట్లే కారణమని తేల్చాను. ఈ రోజు నుంచి గడప బయటే పై బట్టలన్నీ విప్పి, దులిపి, లోపలికి రావాలని చెప్పాను. సాయంత్రం నడవలో బనీనుతో వణుకుతూ నిలబడ్డాడు.

"ఏందే గిది? ఇరవై ఆరేండ్ల సంసారం జేసినంక నన్ను బయట నిలవెట్టి బట్టలిప్పిస్తున్నవా?"

"దుమ్ము తెచ్చేది నువ్వు. నలుగురి ముందల ఇజ్జత్ పోయేది నాది. జల్ది దులుపు."

అప్పుడే స్వరూప తలుపు తీసింది. మా ఆయన్ని చూసి, నవ్వాపుకుని, మళ్ళీ తలుపేసుకుంది. ఆ నవ్వు నాకు రాత్రి అన్నం కూడా సహించనివ్వలేదు.

42వ దులుపుడు, నాలుగో రోజు

వేడి: ఇరవై రెండు. రంగు: మూడు. మనుషులు: ఇద్దరు.

నాలుగు రోజులకే మూడు. బూట్లు కాదు.

కోడి అనుకున్నాను. దాని ఈకల పొట్టు గాలిలో లేచి ఫిల్టర్ మీదే కదా పడుతుంది. నాలుగేళ్ళుగా నా కాళ్ళ చుట్టూ తిరిగిన కోడి. దాన్ని తీసుకుపోయి బడిలో ఇచ్చేశాను. సాయంత్రం చందన వచ్చి, ఖాళీ బుట్ట చూసి, నాకన్నా ఎక్కువ ఏడ్చింది. ఏడుస్తుంటే దగ్గు తెర వచ్చింది. చాలాసేపు ఆగలేదు. వీపు రాస్తుంటే ఎముకలు చేతికి తగిలాయి.

"ఎప్పటి సంది దగ్గుతున్నవే?"

"కొన్ని దినాల సంది. ఈడ కూసుంటే తక్కువైతది."

నా గుండె కాస్త మెత్తబడింది. అంతలోనే గోడ అవతల "బిడ్డా" అని పిలుపు. మళ్ళీ గట్టిపడింది.

42వ దులుపుడు, ఏడో రోజు

వేడి: ఇరవై రెండు. రంగు: ఐదు. మనుషులు: ఇద్దరు.

కోడి కూడా కాదు. ఇక సిగ్గు విడిచి ఓదెలు మేస్త్రిని పిలిచాను. ఆయన కొలిమి ముందు గొంతుక్కూర్చుని పోలీసులా ప్రశ్నలు వేశాడు.

"ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతనే ఉంటదా, వదినె?"

"మా ఆయనకు చలి ఆగదు. తిరగకపోతే ఎట్ల?"

"ఎంత ఎక్కువ తిరిగితే అంత దుమ్ము గుంజుతది. మిరపకాయల పోపు రోజూ పెడ్తవా?"

"అది గుడ మానేసి బతుకుమంటవా?"

ఆయన నవ్వి, ఫిల్టర్ బయటికి లాగి వేళ్ళతో నలిపి చూశాడు. చట్రానికీ గుడ్డకీ మధ్య సందు వెతికాడు. నా కుట్టులో సందు దొరకదు. ఆఖరికి గుడ్డ అంచు విప్పి, "రెండు పొరలు కుట్టుకున్నవ్ గద! సన్నపు దుమ్ము గుడ దీన్ని దాటి పోదు. మరి మాసిపోక ఏమైతది? ఒక పొర తీసెయ్యి, రంగు దిగుతది," అన్నాడు.

"రెండు పొరలు ఐదేండ్ల సంది ఉన్నయి. ఇప్పుడే ఎందుకు మాస్తున్నది?"

ఆయన గోడ మీద అరచేత్తో కొట్టి చూశాడు. "మీది, స్వరూపది ఎనకట ఒకటే ఇల్లు. మధ్యల రేకు వెట్టి రెండు జేసిన్రు. గాలి గుంజే గొట్టం గోడెనకాల ఎట్లున్నదో చూడాలంటే గోడ ఇప్పాలె. మూడు దులుపుళ్ళు అయిపోనీ, ఇప్పుదం."

ఆయన పోయాక కత్తెర తీసుకుని కూర్చున్నాను. ఒక పొర కోసేస్తే రంగు మూడుకి దిగుతుంది. కానీ ఆ రెండో పొర రాజేశం ఛాతీ కోసం కుట్టింది. క్వారీ దుమ్ము పొద్దంతా ఎలాగూ తింటాడు, ఇంట్లోనైనా మంచి గాలి పీల్చనీ అని. కత్తెర డబ్బాలో పడేశాను.

42వ దులుపుడు, పదో రోజు

వేడి: ఇరవై రెండు. రంగు: ఆరు. మనుషులు: ఇద్దరు.

ఫిల్టర్లు కుట్టేదాని ఫిల్టరే ఆరు. మేస్త్రి అంకె చదవగానే తాడు అవతలి చివర ఎవరో కిసుక్కున నవ్వారు. స్వరూపది మళ్ళీ ఒకటి. అద్దం ఇల్లు ఆమెదేనని అందరూ అప్పుడే పలకరిస్తున్నారు. ఆమె చందన నెత్తి నిమురుతూ, "డాక్టరమ్మ బిడ్డకు ఎండ తగలాలె అన్నది. అందుకే పానం వెట్టి చేస్తున్న," అని చెబుతోంది.

నేను మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాను. నా ఫిల్టర్ ఉతికితే నీళ్ళు మూడుసార్లు మార్చాల్సి వచ్చింది.

43వ దులుపుడు, రెండో రోజు

వేడి: ఇరవై రెండు. రంగు: రెండు. మనుషులు: ఇద్దరు.

అద్దం ఇల్లు నాకు రాదు. ఆ సంగతి తెలిసిపోయింది. ఇక నేను కోరుకునేది ఒక్కటే, స్వరూపకి కూడా రాకూడదు. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, పుస్తకంలో రంగు తప్పు రాయకూడదు కదా. నా లోపలి రంగు ఇవాళ ఆరు.

ఆమె అక్కడ అద్దం ముందు నిలబడి బాట చూస్తుంది. ఆమెకి రావలసిన బండి ఏదీ లేదు. నా మనిషి బండి ఆమె కళ్ళబడుతుంది, నాకు కనబడదు. ఇది తలుచుకుంటే కుట్టుమిషన్ మీద కాలు ఆడటం లేదు. పైగా పిల్ల కూడా పైకి పోతుంది. ఇక సాయంత్రం నా పీట మీద ఎవరూ కూర్చోరు.

43వ దులుపుడు, ఆరో రోజు

వేడి: ఇరవై ఒకటి. రంగు: నాలుగు. మనుషులు: ఇద్దరు.

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

చందనని దగ్గు ఎక్కువై బడి నుంచి మధ్యాహ్నమే పంపించేశారు. స్వరూప ఉమ్మడి వంటశాలలో పనికి పోయింది. పిల్ల ఒక్కతే ఉందని తెలిసి, చారు కాచి పట్టుకుపోయాను. మంచం మీద ముడుచుకుని పడుకుంది.

"సలి పెడ్తుంది పెద్దమ్మా. ట్రంకుపెట్టెల దుప్పటి ఉంటది."

పెట్టె తెరిచాను. పైన దుప్పటి. దాని కింద, పెళ్ళి చీరకీ కర్పూరం బిళ్ళలకీ మధ్య మడత పెట్టి, తెల్లగా, ఫిల్టర్. అంచు తిప్పి చూశాను. నా కుట్టే. మూడు పొడుగు, ఒక పొట్టి. ఈ సొరంగంలో అలా ఇంకెవరూ కుట్టరు.

లేచి కొలిమి తలుపు తీశాను. చట్రం ఖాళీగా ఉంది. వెనక ఫ్యాన్ రెక్కలు గోధుమరంగు పట్టిపోయి తిరుగుతున్నాయి. ఇక అర్థం కాకపోవడానికి ఏముంది? ఎనిమిది రోజులు గుడ్డని పెట్టెలో దాచి, ఆఖరి రెండు రోజులు కొలిమిలో పెట్టి, తెచ్చి తాడు మీద ఆరేస్తోంది.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. ఇంకో మాట రాస్తే అబద్ధం. ఒళ్ళంతా తేలికైంది. పెట్టె మూసి, పిల్లకి దుప్పటి కప్పి, చారు తాగించి, ఇంటికొచ్చాను.

ఎవరికీ చెప్పను. ఇప్పుడే చెబితే చెవిలో చెప్పినట్టు ఉంటుంది. పదో రోజున, అందరూ నడవలో ఉండగా, మేస్త్రి "ఒకటి" అని చదివాక, నేను ముందుకొచ్చి చెబుతాను. నాలుగు రోజులు. ఇరవై ఆరేళ్ళు ఆగినదాన్ని, నాలుగు రోజులు ఆగలేనా?

43వ దులుపుడు, ఏడో రోజు

వేడి: ఇరవై రెండు. రంగు: ఐదు. మనుషులు: ఇద్దరు.

చెప్పవలసిన మాటలు కుట్టుమిషన్ ముందు కూర్చుని మూడుసార్లు చెప్పుకున్నాను. మూడోసారి బాగా వచ్చాయి. గోడ అవతల దగ్గు వినబడుతూనే ఉంది. మిషన్ తొక్కుతుంటే వినబడదు. పొద్దంతా తొక్కాను.

43వ దులుపుడు, ఎనిమిదో రోజు

వేడి: ఇరవై రెండు. రంగు: ఐదు. మనుషులు: ఇద్దరు.

చందన వచ్చి, గొట్టం కింద కూర్చుని, గుడ్డముక్కలు ముట్టుకోకుండా గోడకి ఆనుకుని నిద్రపోయింది. నిద్రలో ఛాతీ లోపలికి పీక్కుపోతోంది. గుడ్డ లేని కొలిమి ముందు పడుకుంటే ఏమవుతుందో ఈ సొరంగంలో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. ఈ గోళం దుమ్ము గాజుపొడిలా కోస్తుంది. అందుకే కదా నా కుట్టుకి ఇంత విలువ.

స్వరూపని పిలిచి చెప్పేద్దామని లేచాను. అప్పుడే ఆమె గోడ అవతల నుంచి పిలిచింది. పిల్ల ఉలిక్కిపడి లేచి, తూలుతూ వెళ్ళిపోయింది. నేను మళ్ళీ కూర్చున్నాను. ఇంకో రెండు రోజులే అనుకున్నాను.

43వ దులుపుడు, తొమ్మిదో రోజు

ఇవాళ వేడి చూడలేదు. రంగు చూడలేదు.

పొద్దున తొమ్మిదింటికి గోడ మీద దబదబా బాదిన చప్పుడు. "అక్కా! భూదేవక్కా! బిడ్డ ఎట్లనో చేస్తున్నది!"

పరుగెత్తాను. చందన పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి లోపలికి పోవడానికి దారి వెతుక్కుంటోంది. ఏమీ ఆలోచించలేదు. పిల్లని రెండు చేతుల మీద ఎత్తుకుని, నా ఇంట్లోకి తెచ్చి, గొట్టం కింద కూర్చోబెట్టాను.

"ఈడికెందుకు అక్కా! దవాఖానకు పోదం!" స్వరూప నా భుజం పట్టి లాగింది.

"డాక్టరమ్మను ఈడికే పిలువు. ముందుగాల గీ గాలి పీల్చనీ. మీ ఇంట్లది వద్దు!"

స్వరూప చేయి నా భుజం మీదే ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది.

"నీకు ఎరుకనా?"

నేను పిల్ల మొహాన్ని గొట్టం వైపు తిప్పాను.

డాక్టరమ్మ గాలి సిలిండర్‌తో వచ్చింది. మధ్యాహ్నానికి పెదవుల రంగు మారింది. సాయంత్రం దవాఖానకి తీసుకుపోయారు. బతుకుతుందట.

44వ దులుపుడు, మూడో రోజు

వేడి: పద్దెనిమిది. గోడ విప్పారు. రంగు: ఆరు. మనుషులు: ఇద్దరు.

అటుమొన్న దులుపుడు జరగలేదు, ఫిల్టర్ ఉతకలేదు. స్వరూప డాక్టరమ్మ దగ్గర సంగతంతా ఒప్పుకుందట, ఇవాళ ఓదెలు మేస్త్రి గోడ రేకులు ఊడదీశాడు. వెనక రెండిళ్ళకీ కలిపి ఒకటే పెద్ద గొట్టం. మధ్యలో అడ్డంగా పెట్టిన రేకు ఒక పక్క మేకులు ఊడి, బెత్తెడు తెరుచుకుని ఉంది. అటు గుడ్డ లేదు. ఇటు నా ఫ్యాన్ పగలూ రాత్రీ గుంజుతోంది. ఆమె ఇంటి దుమ్ము సగం ఆ సందులోంచి వచ్చి నా రెండు పొరల మీద పడింది.

"చూసినవా వదినె," అన్నాడు మేస్త్రి, నల్లబడ్డ చేతులు తుడుచుకుంటూ. "బూట్లు గాదు, కోడి గాదు. నీ ఫిల్టర్ ఒక్కటే రెండిండ్లకు పని జేసింది. ఆ పోరి ఇన్ని దినాలు తట్టుకున్నదంటే సగం దీని పుణ్యమే. తెల్లగున్న ఫిల్టర్‌ను మెచ్చుకున్నం, చూడు, మాది బుద్ధి తక్కువ. తెల్లగున్నదంటే అది ఏం పట్టనట్టే గద!"

ఆ తర్వాత తలొంచుకుని, విచారణ ఉందనీ, రెండిళ్ళ కొలిమి పుస్తకాలూ ఎల్లుండి ఇవ్వాలనీ చెప్పాడు.

సాయంత్రం రాజేశంతో అంతా చెప్పాను. ఆరో రోజు పేజీ కూడా చదివి వినిపించాను. ఆయన బూట్ల లేసులు విప్పి, మళ్ళీ కట్టాడు.

"చింపెయ్యరాదె ఆ పేజీ," అన్నాడు చివరికి. "ఎవ్వలకు తెలుస్తది?"

"నాకు తెలుస్తది గద."

44వ దులుపుడు, నాలుగో రోజు

వేడి: ఇరవై రెండు. రంగు: ఒకటి. మనుషులు: ఇద్దరు.

మేస్త్రికి ఇచ్చేముందు పుస్తకం దవాఖానకి తీసుకుపోయాను. చందన నిద్రపోతోంది. స్వరూపకి ఆరో రోజు పేజీ తెరిచి చేతికిచ్చాను. నిలబడే చదివింది. ఏడో రోజు చదివింది. ఎనిమిది కూడా చదివింది. నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు మెలిపెడుతూ నిలబడ్డాను.

తిడుతుందనుకున్నాను. తిట్టడానికి నోరు తెరిచింది కూడా. మళ్ళీ మంచం వైపు చూసి మూసుకుంది.

"ఎండ తగిలితే బాగైతదన్నరు," అంది. "జర దుమ్ముకు ఏమైతదిలే అనుకున్న. నా బిడ్డ రోజూ నీ ఇంటికే ఉరుకుతుంటే నాకెంత మండేదో నీకు తెల్వదు. ఆడ ఏమున్నది, నా తాన ఏం లేదు అని. గాలి కోసం ఉరికిందని నాకు తెల్వకపాయె."

నా మీద ఆమెకీ మంట ఉందా? నాకు లేనిదంతా ఉన్న మనిషికి?

ఆమె పుస్తకం మూసి తిరిగి ఇచ్చింది. "నాలుగు దినాలు, అక్కా," అంది. అంతే. తర్వాత నా వైపు చూడలేదు.

44వ దులుపుడు, తొమ్మిదో రోజు

వేడి: ఇరవై రెండు. రంగు: నాలుగు. మనుషులు: ముగ్గురు.

స్వరూప ఇంటి గొట్టాలు కడుగుతున్నారు. అందాకా పిల్లని మంచి గాలి ఉన్న ఇంట్లో ఉంచమంది డాక్టరమ్మ. స్వరూప స్వయంగా తెచ్చి దింపింది. గడప దాటలేదు, నాతో మాట్లాడలేదు. మందుల సంచీ రాజేశం చేతికిచ్చింది. పైన ముగ్గురు అని రాస్తుంటే నాకు ఎంత బాగుందో, ఆ బాగుండటానికి అంత సిగ్గేసింది.

ఓదెలు మేస్త్రి పుస్తకం తిరిగివ్వడానికి వచ్చాడు. పుస్తకం చదివాడని మొహమే చెప్పింది.

"ఆ నాలుగు దినాల మాట పెద్దల ముందల చదివిన వదినె. నలుగురి ముందల నీకు చీవాట్లు తప్పయి. ఇగ అద్దం ఇంటి సంగతి. స్వరూప పేరు కొట్టేసిన్రు. సరిగ్గ పనిజేసిన ఫిల్టర్ నీదే అని తేలింది. ఇల్లు నీకు రాసిన్రు."

రాజేశం నా వైపు చూశాడు. మూడు దులుపుళ్ళు నా కళ్ళలో నిప్పులు పోసిన ఇల్లు. బాట, మలుపు, దీపాలు. గొట్టం కింద పీట మీద చందన గుడ్డముక్కలు సర్దుతోంది. ఎర్రవి ఒక పక్క, నీలివి ఒక పక్క.

"ఆ పిల్లకు ఎండ కావాలన్నరు," అన్నాను. "వాళ్ళకే రాయుండ్రి."

నేను మంచిదాన్నై ఇచ్చానని ఈ పుస్తకం చదివేవాళ్ళు అనుకోవద్దు. మేస్త్రి వెళ్ళాక వంటగదిలోకి పోయి ఏడ్చాను. మంట ఇంకా ఉంది. స్వరూప మీద ఉంది, అద్దం మీద ఉంది, రేపు ఈ పేజీలో ఇద్దరు అని రాయాల్సి వస్తుందని కూడా ఉంది. ఆ నాలుగు రోజులు ఇంకా ఎక్కువ మండుతున్నాయి కాబట్టి ఇచ్చాను.

46వ దులుపుడు, రెండో రోజు

వేడి: ఇరవై రెండు. రంగు: ఒకటి. మనుషులు: ఇద్దరు.

వాళ్ళు పైకి వెళ్ళి తొమ్మిది రోజులైంది. మొన్నటి దులుపుడులో మేస్త్రి కొత్త నియమం చదివాడు. నాలుగో, ఐదో వస్తే మెచ్చుకోలు. ఒకటి వస్తే ఇల్లు సోదా. స్వరూపది నాలుగు వచ్చింది. నాది మూడే. రేకు అతికించేశారు కదా, పక్కింటి దుమ్ము ఇక రావడం లేదు.

పైకి పోయిన రోజు నుంచి సాయంత్రం గోడ ఫోను మోగుతోంది. చందన. "పెద్దమ్మా, మలుపు కాడ దీపాలు కనవడ్డయి! పెదనాయిన బండి వస్తున్నది!" అని అరిచి పెట్టేస్తుంది. నేను లేచి నీళ్ళు పెడతాను. నా మనిషి వస్తున్న కబురు నాకన్నా ముందు వాళ్ళకి తెలుస్తుందని ఒక్క క్షణం చురుక్కుమంటుంది. నీళ్ళు కాగేలోపు తగ్గుతుంది.

46వ దులుపుడు, ఐదో రోజు

వేడి: ఇరవై. రంగు: మూడు. మనుషులు:

పైన గాలిదుమారం లేచింది. మధ్యాహ్నం నుంచి బండ్లు ఆగిపోయాయట. చందనని బడిలోనే ఉంచేశారు, అక్కడి తలుపులు గట్టివని. ఐదు దాటింది. ఆరు దాటింది. ఫోను మోగలేదు. మోగదని నాకు తెలుసు. అద్దం ముందు ఇవాళ ఉన్నది స్వరూప ఒక్కతే. నాలుగు దినాలు అని అన్నాక ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రెండేళ్ళ కింద ఇలాంటి దుమారంలోనే ఆమె ఈ గోడ అవతల కూర్చుని తలుపు చప్పుడు కోసం చూసింది. ఆ రోజు ఆమెకి ఎవరూ ఫోను చేయలేదు. నేను గోడ ఇవతల మిషన్ తొక్కుకుంటూ ఉన్నాను.

పైన మూడో గడిలో అంకె రాయలేక వదిలేశాను.

ఆరుంబావుకి ఫోను మోగింది. ఎత్తాను.

"బండి వస్తున్నది," అంది స్వరూప. అక్కా అనలేదు. పెట్టేసింది.

నీళ్ళు పొయ్యి మీద పెట్టి వచ్చి రాస్తున్నాను. మనుషులు: ఇద్దరు.